తిరుపతి ఎండల్లో ప్రాక్టీస్: చెన్నై హాఫ్ రెండు గంటల లోపు రావాలంటే?

బైరాగిపట్టెడ_పరుగు · జూన్ 9
అందరికీ నమస్తే. తిరుపతిలో హైస్కూల్ లెక్కల టీచర్‌ని, వయసు 39. పోయిన జనవరిలో చెన్నై హాఫ్ మారథాన్ 2:04:10లో పూర్తి చేశాను. 10కె (పది కిలోమీటర్ల పరుగు) బెస్ట్ 55 నిమిషాలు. వచ్చే జనవరిలో మళ్ళీ చెన్నైకే వెళ్ళి రెండు గంటల లోపు రావాలని గట్టిగా అనుకుంటున్నాను. అంటే 21.0975 కిలోమీటర్లూ సగటున 5:41 పేస్ (కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు) పట్టాలి.

వారానికి నాలుగు రోజులు పరిగెత్తుతాను. తెల్లవారి అయిదుకు బయల్దేరితే ఆరుంబావుకల్లా ఇంట్లో ఉండాలి. పిల్లల క్యారేజీలు, ఆ తర్వాత స్కూలు. మూడు రోజులు ఏడెనిమిది కిలోమీటర్లు 6:00 పేస్‌లో, ఆదివారం ఒక్కటే పద్నాలుగు పదిహేను. చలికాలంలో హాయిగా సాగిన ఆ 6:00కే ఇప్పుడు గుండె నిమిషానికి 170 దాటుతోంది. మధ్యాహ్నం క్లాసులో నిలబడితే కాళ్ళు లాగేస్తున్నాయి.

రెండు గంటలు నాకు అందే లక్ష్యమేనా? ఇంకో సంగతి, అలిపిరి మెట్లు వారానికోసారి ఎక్కితే బలం వస్తుందని తోటి టీచర్లు అంటున్నారు. ఎక్కమంటారా?

చంద్రగిరి_కోట · జూన్ 9
అందే లక్ష్యమే మేడమ్. మీరు లెక్కల టీచర్ కదా, రీగెల్ సూత్రం చూడండి, ఒక దూరం సమయం నుంచి ఇంకో దూరం సమయాన్ని అంచనా వేసేది. దూరాల నిష్పత్తికి 1.06 ఘాతం వేసి పాత సమయంతో గుణించాలి. 10కె నుంచి హాఫ్‌కి ఆ గుణకం 2.2 పైచిలుకు వస్తుంది. మీ 55 నిమిషాలకు హాఫ్ 2:01. అంటే 10కె 54:20కి దిగితే రెండు గంటల గీత దగ్గరికి వచ్చేసినట్టే. 53 పైచిల్లరలోకి వస్తే రేసు రోజు కొంచెం ఉక్క ఎక్కువైనా ఇబ్బంది ఉండదు.

ఇక గుండె సంగతి. మే, జూన్‌లో మన దగ్గర తెల్లవారుజామున కూడా వేడి దిగదు, గాలి ఆడదు. ఒళ్ళు చల్లబడడానికి రక్తంలో ఒక వాటా చర్మం వైపు పోతుంది, కండరాలకు అందేది తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. చెమటతో నీరు పోయేకొద్దీ ఇంకా పెరుగుతుంది. మీ ఫిట్‌నెస్ ఎక్కడికీ పోలేదు. జనవరి పేస్‌ను జూన్‌లో అడుగుతున్నారు, శరీరం దానికి తగిన ధర తీసుకుంటోంది.

మామూలు పరుగుల్లో వాచీలో పేస్ చూడకండి. పక్కనున్న మనిషితో రెండు మూడు వాక్యాలు ఆగకుండా మాట్లాడగలిగితే అదే సరైన వేగం. 7:00 వచ్చినా, 7:20 వచ్చినా సరే.

ఎస్వీయూ_ట్రాక్ · జూన్ 10
చంద్రగిరి అన్నతో సగమే ఏకీభవిస్తాను. నెమ్మదిగా పరిగెత్తమని ఇప్పుడు అందరూ చెప్తున్నారు. ఆ 80–20 లెక్క (ఎనభై శాతం నెమ్మదిగా, ఇరవై శాతం గట్టిగా) స్టీఫెన్ సైలర్ లాంటి పరిశోధకులు ఎలైట్ క్రీడాకారుల ట్రైనింగ్ గమనించి చెప్పింది. వాళ్ళు వారానికి పది పన్నెండు సార్లు ప్రాక్టీస్ చేస్తారు. అందులో ఇరవై శాతం అంటే రెండు మూడు గట్టి సెషన్లు. అక్క పరిగెత్తేది నాలుగు రోజులు. అందులో ఇరవై శాతం తీస్తే ఒక సెషన్ కూడా నిండదు. తక్కువ కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ళు వేగం మీద కూడా పనిచేయాలి.

అక్కా, నా సలహా ఇది. మంగళవారం వర్సిటీ గ్రౌండ్‌కు రండి. 400 మీటర్ల రౌండు 2:06లో, అంటే 5:15 పేస్. అట్లా రెండేసి రౌండ్లు కలిపి 800, మధ్యలో రెండు నిమిషాల నడక. నాలుగుతో మొదలుపెట్టి మెల్లగా ఆరుకు పోవచ్చు.

చంద్రగిరి_కోట · జూన్ 10
తమ్ముడూ, వేగం వద్దని నేనెక్కడా అనలేదు. అక్క చెప్పిన నాలుగు పరుగుల్లో మూడు 6:00 పేస్. ఆమె 10కె వేగమే 5:30. అంటే మూడు రోజులూ కాస్త గట్టిగానే, కానీ వేగం పెంచేంత గట్టిగా కాదు. అట్లా అలిసిపోయిన కాళ్ళతో నీ గ్రౌండ్‌కు వస్తే 2:06 రౌండ్లు రెండు తిప్పేసరికి ఆగిపోతుంది. మంగళవారం బాగుండాలంటే మిగతా రోజులు నెమ్మదిగా ఉండాలి. జులైలో వానలు పడి కాస్త చల్లబడేదాకా రౌండ్లు కూడా ఒళ్ళు చెప్పినట్టే, గడియారం ప్రకారం వద్దు.

ఎస్వీయూ_ట్రాక్ · జూన్ 10
అట్లయితే ఒప్పుకుంటా. మంగళవారం గట్టిగా, మిగతావి మీరన్నట్టే.

ఏడుకొండల_నడక · జూన్ 11
నేను అలిపిరి నుంచి తిరుమలకు ఏళ్ళుగా నడుస్తున్నాను. 3550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్ల దారి. గాలిగోపురం దాకా ఎక్కుడే ఎక్కుడు, తర్వాత చాలా దూరం సులువు, చివర్లో మోకాళ్ళమిట్ట పరీక్ష పెడుతుంది. దమ్ము పెరగడం నిజం. తొడలు, పిరుదుల కండరాలు గట్టిపడతాయి. ఒప్పుకుంటాను.

అయినా దాన్ని ప్రాక్టీస్ దారిగా చూడడం నాకు ఇష్టం లేదమ్మా. పసుపు కుంకుమ రాసుకుంటూ మెట్టు మెట్టుకూ ఒంగి ఎక్కే తల్లులుంటారు, మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళుంటారు. వాళ్ళ మధ్యలో వాచీ చూసుకుంటూ దూసుకుపోవడం బాగుండదు. పైగా 2023 ఆగస్టులో చిరుత చేతిలో ఒక పాప పోయిన దారి అది. వేళ కాని వేళ ఒంటరిగా వెళ్ళే ఆలోచనే పెట్టుకోవద్దు. మొక్కుకు ఎక్కండి, స్వామిని చూసుకుని రండి. పరుగుకు రోడ్డు ఉంది.

ఫిజియో_చిత్తూరు · జూన్ 11
పై మాటకు నా వైపు నుంచి ఒక కారణం కలుపుతాను. ఎక్కడం కంటే దిగడంతోనే చిక్కు. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూ బరువు మోస్తుంది. అలవాటు లేకపోతే రెండు మూడు రోజులు కుర్చీలోంచి లేవడం కూడా కష్టమవుతుంది. ఆ వారం ప్రాక్టీస్ పోయినట్టే. ఎక్కితే బస్సులో దిగండి.

కాళ్ళ బలానికి ఇంట్లోనే వారానికి రెండుసార్లు చేసే పని ఉంది. ఒంటికాలి మీద మడమ ఎత్తడం, మెట్టు మీదికి బరువుతో ఎక్కడం, గోడకు ఆనుకుని కూర్చున్న భంగిమ. పావుగంట చాలు. చాలామంది రన్నర్లు షూ మీద పెట్టే శ్రద్ధ పిక్కల మీద పెట్టరు. పరుగులో అడుగు పడిన ప్రతిసారీ శరీర బరువుకు కొన్ని రెట్ల భారం ఆ పిక్క, మడమ వెనక స్నాయువు మీదే పడుతుంది.

డాక్టర్_పీలేరు · జూన్ 13
మేడమ్, మధ్యాహ్నం కాళ్ళు లాగుతున్నాయన్నారు. అంతా ఎండ మీదికి తోసేయకండి. ఒకసారి రక్త పరీక్ష చేయించుకోండి. హీమోగ్లోబిన్ ఒక్కటే కాదు, ఫెరిటిన్ కూడా. శరీరంలో ఇనుము నిల్వలు ఎంత ఉన్నాయో చెప్పేది అదే. హీమోగ్లోబిన్ మామూలుగా ఉండి ఫెరిటిన్ అడుగంటిన ఆడవాళ్ళను నేను తరచూ చూస్తుంటాను. నెలసరిలో పోయేది కొంత, పరుగువల్ల పోయేది కొంత.

తక్కువ ఉంటే మాత్రల మోతాదు మీ డాక్టరు చెప్తారు, సొంతంగా మింగొద్దు. తిండిలో మాత్రం ఇప్పుడే మార్చుకోవచ్చు. అన్నం తిన్న వెంటనే టీ, కాఫీ తాగకండి, ఇనుము ఒంటికి పట్టనీయవు. కనీసం గంట ఎడం ఉంచండి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి, ఉసిరికాయ పచ్చడి వేసుకోండి. విటమిన్ సి ఉంటే ఇనుము బాగా పడుతుంది.

బైరాగిపట్టెడ_పరుగు · జులై 6
అందరికీ థాంక్స్. టెస్ట్ చేయించాను. హీమోగ్లోబిన్ బాగానే ఉంది, ఫెరిటిన్ బాగా తక్కువ. ఇక్కడి డాక్టరు గారు మాత్రలు రాశారు. పీలేరు డాక్టరు గారూ, మీరు చెప్పకపోతే ఈ పరీక్ష సంగతే నాకు తెలిసేది కాదు.

పరుగు ఇప్పుడు 7:10 దగ్గర సాగుతోంది. నలభై నిమిషాలయ్యాక కూడా ఒళ్ళు తేలిగ్గానే ఉంటోంది. స్కూల్లో చివరి పీరియడ్ దాకా ఓపిక మిగులుతోంది, అదే నాకు పెద్ద సంతోషం.

ఇంకో ప్రశ్న. చీకట్లో కుక్కల బెడద. ఆడవాళ్ళు ఎవరైనా ఎట్లా సంబాళించుకుంటున్నారో చెప్పండి.

స్వర్ణముఖి · జులై 6
అక్కా, నేను తిరుచానూరు వైపు. కుక్క వెంటపడితే పరుగు ఆపేసి నడవడమే. కళ్ళల్లోకి చూడొద్దు, వెనక్కి తిరిగి పరిగెత్తొద్దు. పరిగెత్తేదాన్నే అవి తరుముతాయి. రోజూ ఒకే దారిలో పోతే అవీ మనల్ని గుర్తుపట్టి ఊరుకుంటాయి.

కుక్కలకన్నా మనుషుల భయం నాకు ఎక్కువ ఉండేది. అందుకే మేం ముగ్గురం కలిసి వెళ్తాం. ఇద్దరు నడుస్తారు, నేను వాళ్ళ చుట్టూ ముందుకీ వెనక్కీ పరిగెత్తుతాను. చెవిలో పాటలు పెట్టుకోం. వెలుతురున్న రోడ్డే. మీరూ కలుస్తానంటే మెసేజ్ పెట్టండి. ఆదివారం లాంగ్ రన్ ఇద్దరం కలిసి చేద్దాం.

పలమనేరు_గాలి · జులై 8
మా ఊరు సముద్రమట్టానికి ఆరు వందల మీటర్ల పైన. ఇదే నెలలో తెల్లవారి చొక్కా తడవకుండా ఎనిమిది కిలోమీటర్లు పోవచ్చు. తిరుపతిలో చెల్లెలి ఇంటికి వచ్చినప్పుడు అదే శ్రమకు కిలోమీటరుకు అర నిమిషం పైగా వెనకబడిపోతాను. అందుకే పేస్‌ను ఊరు మారితే పోల్చకండి. సెలవుల్లో ఇటు వస్తే చింతచెట్ల కింద మంచి దారులున్నాయి.

చిత్తూరు_కుర్రోడు · ఆగస్టు 2
అన్నా, నేను డిగ్రీ సెకండియర్. 10కె 50 లోపు రావాలి. కార్బన్ ప్లేట్ షూ (అడుగున కార్బన్ రేకు ఉండే రేసు షూ) కొంటే వస్తుందా? ఇరవై వేలు చెప్తున్నారు.

ఎస్వీయూ_ట్రాక్ · ఆగస్టు 2
తమ్ముడూ, ఇప్పుడు ఎంత? ఎన్ని కిలోమీటర్లు?

చిత్తూరు_కుర్రోడు · ఆగస్టు 2
56 అన్నా. వారానికి రెండు రోజులు. ఎడమకాలు ముందెముక లోపలి వైపు నొప్పి కూడా ఉంది.

ఫిజియో_చిత్తూరు · ఆగస్టు 3
షూ సంగతి పక్కన పెట్టు నాయనా. ఎముక వెంబడి వేలితో నొక్కుకుంటూ రా. జానెడు పొడుగునా సలుపుగా ఉంటే కండరం అతుకు దగ్గర ఒత్తిడి. పరుగు తగ్గించి, పిక్కల వ్యాయామం చేస్తే తగ్గుతుంది. ఒకే ఒక్క చోట, రూపాయి బిళ్ళంత మేర, నొక్కగానే ప్రాణం జిల్లుమంటే, ఒంటికాలి మీద గెంతలేకపోతే పరుగు వెంటనే ఆపి ఎముకల డాక్టరును కలువు. అది స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నని చీలిక) కావచ్చు. ఎక్స్‌రేలో మొదట్లో కనపడకపోవచ్చు కూడా.

ఏడుకొండల_నడక · ఆగస్టు 3
శివనాథ్ సింగ్ గారు కాళ్ళకు చెప్పుల్లేకుండా పరిగెత్తిన మనిషి. 1978లో జలంధర్‌లో మారథాన్ 2:12:00లో పూర్తి చేస్తే ఆ రికార్డును దశాబ్దాల తరబడి మన దేశంలో ఎవరూ కదిలించలేకపోయారు. నిన్ను వట్టి కాళ్ళతో పరిగెత్తమనడం లేదు అబ్బాయ్. ఆ ఇరవై వేలల్లో మంచి మామూలు జత ఒకటి కొనుక్కో, మిగిలింది తిండికి పెట్టు.

చిత్తూరు_కుర్రోడు · ఆగస్టు 4
ఒకే చోట కాదు సార్, పొడుగునా ఉంది. చెప్పినట్టే చేస్తా.

బైరాగిపట్టెడ_పరుగు · అక్టోబరు 12
చాలా రోజులకు రాస్తున్నాను. బ్రహ్మోత్సవాల్లో ఊరంతా జనం. అలిపిరి వైపు పోకుండా పేరూరు దారి పట్టాను. ఇప్పుడు 150 గుండెకే 6:35 వస్తోంది, జూన్‌లో అదే గుండెకు 7:20 ఉండేది. మంగళవారం రౌండ్లు 2:04కి దిగాయి. గురువారం ఇరవై నిమిషాలు 5:35లో ఆపకుండా పరిగెత్తుతున్నాను. ఆదివారం స్వర్ణముఖి గారితో 17.

తిండి గురించి అడగాలి. లాంగ్ రన్‌లో పన్నెండో కిలోమీటరు తర్వాత ఖాళీ అయిపోతున్నాను. ముందు రోజు రాత్రి సంగటి, చెనక్కాయల చట్నీ తింటాను. పొద్దున ఏమీ తినను.

డాక్టర్_పీలేరు · అక్టోబరు 12
సంగటి బలమైన తిండే, రోజూ తినండి. కానీ రాగిలో పీచు ఎక్కువ, చెనక్కాయల్లో కొవ్వు ఎక్కువ. రేసు ముందు రాత్రికి అన్నం, పలుచని పప్పు, పెరుగు మేలు. పొద్దున బయల్దేరే గంటన్నర ముందు రెండు ఇడ్లీలు చక్కెరతో, లేదా అరటిపండు, బ్రెడ్డు. పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. జెల్ కావచ్చు, ఖర్జూరాలు కావచ్చు. రేసు రోజు కొత్తది ఏదీ నోట్లో పెట్టకండి. ఆదివారాలే దానికి రిహార్సల్.

నీళ్ళ విషయంలో ఒక హెచ్చరిక. ప్రతి స్టాల్ దగ్గరా దాహం లేకపోయినా కడుపునిండా నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రమాదం. దాహానికి సరిపడా తాగండి. ఓఆర్ఎస్ కలుపుకుంటే ప్యాకెట్‌కు రాసినంత నీళ్ళే, లీటరు ప్యాకెట్‌ను అర లీటరులో కలపొద్దు.

స్వర్ణముఖి · నవంబరు 15
ఈ వారమంతా వాన. 2021 నవంబరు వరదలు గుర్తొచ్చి నది ఒడ్డు దారులు పూర్తిగా మానేశాం. నీళ్ళు నిలిచిన చోట మ్యాన్‌హోల్ ఎక్కడుందో తెలియదు, దయచేసి ఎవరూ వరద నీళ్ళల్లో పరిగెత్తకండి. అక్క స్కూలు వరండాలో మెట్ల వ్యాయామం చేసుకుంటోంది. ఒక వారం పోతే ఫిట్‌నెస్ పోదు.

బైరాగిపట్టెడ_పరుగు · డిసెంబరు 7
వాన తెరిపిచ్చాక గ్రౌండ్‌లో 10కె టైమ్ ట్రయల్ వేశాను. 53:20! ఎస్వీయూ_ట్రాక్ తమ్ముడు చివరి రెండు కిలోమీటర్లు పక్కనే పరిగెత్తాడు. సూత్రం ప్రకారం హాఫ్ 1:57:40 చూపిస్తోంది. ఎంతలో మొదలుపెట్టాలో చెప్పండి.

చంద్రగిరి_కోట · డిసెంబరు 7
శభాష్ మేడమ్! ఇప్పుడు జాగ్రత్తగా వినండి. చాలామంది ఈ ఒక్క విషయం తెలియక కొన్ని సెకన్లలో లక్ష్యం పోగొట్టుకుంటారు.

సర్టిఫైడ్ రేసు దారిని సైకిల్ చక్రానికి బిగించిన కౌంటర్‌తో కొలుస్తారు, అదీ మలుపుల్లో అతి దగ్గరి గీత వెంబడి. మనం జనాన్ని తప్పించుకుంటూ, మలుపుల్లో బయటి వైపుగా పోతాం. వాచీ జీపీఎస్ కూడా కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఫినిష్ దగ్గర వాచీలో 21.3 ఉండడం మామూలే. వాచీలో 5:41 చూసుకుంటూ 21.3 పోతే 2:01 అవుతుంది. కాబట్టి వాచీలో 5:36–5:37 ఉండాలి. ఇంకా మంచిది, ఆటో ల్యాప్ (వాచీ తనంతట తానే కిలోమీటర్లు లెక్కగట్టడం) ఆపేసి రోడ్డు పక్క కిలోమీటరు బోర్డుల దగ్గర మీరే బటన్ నొక్కండి. 5 కి.మీ. బోర్డు దగ్గర 28:30, పది దగ్గర 57 ఉంటే చాలు. చెన్నై గాలిలో తేమ ఎక్కువ, మొదట్లోనే సమయం మిగుల్చుకోవాలని చూస్తే పదిహేను తర్వాత రెండింతలు కట్టాల్సి వస్తుంది.

చివరి రెండు వారాలు కిలోమీటర్లు సగానికి దించండి. వేగం పూర్తిగా మానొద్దు, తక్కువ రౌండ్లు అదే 2:04లో.

ఎస్వీయూ_ట్రాక్ · డిసెంబరు 8
అక్కా, మొదటి పది కిలోమీటర్లు అన్న చెప్పిన వేగం దాటొద్దు. తర్వాత నీ ఇష్టం.

బైరాగిపట్టెడ_పరుగు · జనవరి, రేసు రోజు సాయంత్రం
1:58:36!

రైలు ఎక్కి కూర్చుని రాస్తున్నాను. చెయ్యి వణుకుతోంది, అలసటకో ఆనందానికో.

5 కి.మీ. 28:35. 10 కి.మీ. 57:00. పక్కనుంచి ఎంతమంది దాటిపోతున్నా బోర్డు దగ్గరి అంకె తప్ప వేరేది పట్టించుకోలేదు. పదకొండు నుంచి ఊపిరి ఇంకా నా చేతుల్లోనే ఉందని తెలిసింది. 15 కి.మీ. 1:25:00. ఆ అయిదూ 28లో వచ్చాయి. పదహారు నుంచి ఉక్క బాగా తెలిసింది, టోపీ తడిపి పెట్టుకున్నాను, రెండో జెల్ అక్కడే. పద్దెనిమిదిలో కుడి తొడ బిగుసుకుంది. అడుగు కొంచెం పొట్టి చేసుకున్నాను, వేగం మాత్రం తగ్గనివ్వలేదు. 20 దగ్గర 1:52:40 చూడగానే లెక్క అర్థమైపోయింది. మిగిలిన కిలోమీటరు నడుము పైకెత్తి, చేతులు ఊపుకుంటూ వచ్చేశాను. వాచీలో 21.34, చంద్రగిరి సార్ చెప్పింది చెప్పినట్టే.

మావారు, పిల్లలు ఫినిష్ దగ్గర ఉన్నారు. పెద్దది నా మెడల్ తన మెడలో వేసుకుని ఇప్పటికీ తీయలేదు. స్వర్ణముఖి గారు 2:09, ఆమెకు మొదటి హాఫ్. దయచేసి ఆమెను కూడా అభినందించండి.

చంద్రగిరి_కోట · అదే రాత్రి
రెండో సగం మొదటి సగం కంటే వేగంగా పరిగెత్తారు మేడమ్, తేమలో అది చాలా పెద్ద మాట. ఇద్దరికీ మనసారా అభినందనలు.

ఏడుకొండల_నడక · మర్నాడు
చాలా సంతోషం తల్లీ. కాళ్ళు కుదుటపడ్డాక ఒకసారి నడిచి కొండకు రా, పిల్లలతో.

ఫిజియో_చిత్తూరు · మర్నాడు
కుదుటపడ్డాకే. వారం రోజులు పరుగు వద్దు, నడక చాలు. తొడ బిగుసుకున్న చోట గట్టిగా మర్దనా చేయించుకోకండి.

చిత్తూరు_కుర్రోడు · రెండు రోజుల తర్వాత
అక్కా కంగ్రాట్స్. నా కాలు తగ్గింది. పోయిన వారం 52:50 వచ్చింది, మామూలు షూతోనే. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు పరిగెత్తుతున్నా. ఆదివారం మీ గ్రూపుతో రావచ్చా? తొలి బస్సుకు వచ్చేస్తా.

స్వర్ణముఖి · రెండు రోజుల తర్వాత
రా తమ్ముడూ. మేం ఈ ఆదివారం, వచ్చే ఆదివారం నడకే. ఆ తర్వాతి వారం నుంచి అయిదుకు మొదలవుతాం. తొలి బస్సుకు వస్తే నీకు ఆలస్యమవుతుంది, ముందురోజే వచ్చి బంధువుల ఇంట్లో పడుకో. ఎవరూ లేకపోతే చెప్పు, మా తమ్ముడి రూములో సర్దుతాను.

బైరాగిపట్టెడ_పరుగు · రెండు రోజుల తర్వాత
నీళ్ళ సీసా, వెలుతురు పడితే మెరిసే జాకెట్ తెచ్చుకో నాయనా. ఎస్వీయూ_ట్రాక్ తమ్ముడూ, నేను ఏప్రిల్‌లో బెంగళూరు 10కె పేరు ఇచ్చాను. 52 లోపు అడుగుతున్నాను. మంగళవారం రౌండ్లు ఎంతలో పెట్టాలో రాయి.